మొగుడు కొట్టినందుకు కాదట!

(తెలుగు అధ్యాపకులు, పరిశోధక విద్యార్థుల ముందు సామెతల మీద చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాశాం.)

అందరికీ నమస్కారం.

సామెతల గురించి మాట్లాడేవాళ్ళు "సామెత లేని మాట, ఆమెత లేని ఇల్లు" అంటూ మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆమెత అంటే విందు. ఆ విందు వండిందెవరు, ఆఖరి బంతిలో చల్లారిన కూర తిన్నదెవరు అన్నదే ఇవాళ మన విషయం అనుకోండి.

స్త్రీల మీద సామెతలు అనగానే మనం ఒక పని చేస్తాం. పుస్తకం తెరిచి ఆడది, ఆలి, అత్త, కోడలు అన్న మాటలున్న సామెతలన్నీ ఏరి, పొగిడేవి ఒక పక్కన, తిట్టేవి ఒక పక్కన పెట్టి లెక్క తేలుస్తాం. ఈ లెక్క దాదాపు ఎప్పుడూ తప్పే వస్తుంది. ఎందుకో ఒక్క సామెత పట్టుకుని చెబుతాను.

"మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట."

దీన్ని ఎక్కడ వాడతాం? ఆఫీసులో పై అధికారి నలుగురి ముందూ చీవాట్లు పెట్టాడు. చీవాట్ల కంటే పక్క సీటాయన ముసిముసి నవ్వు ఎక్కువ గుచ్చుకుంది. అప్పుడు వాడతాం. వాడినవాడూ మగవాడే, విన్నవాడూ మగవాడే కావచ్చు. అక్కడ ఆడవాళ్ళ ప్రసక్తే లేదు. నష్టం కంటే నగుబాటు ఎక్కువ బాధిస్తుందన్నది చెప్పదలుచుకున్న సంగతి. విన్నవాడు అవునంటాడు. ఆ అవునుతో పాటు, ఎవరూ అడక్కుండానే ఇంకో సంగతికి కూడా అవునన్నట్టే: మొగుడు కొట్టడం మామూలే, ఏడవాల్సినంత విషయం కాదు.

అనుమానం ఉంటే మాట మార్చి చూడండి. "పాము కరిచినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట." నిలబడిందా? నిలబడదు. పాము కరిస్తే ఎవరైనా ఏడుస్తారు. మొదటి సగంలో ఏడవక్కర్లేనిదేదో ఉంటేనే ఈ సామెత పనిచేస్తుంది. కొట్టడం ఆ జాగాలో ఇమిడిపోయింది కాబట్టే సామెత పుట్టింది, నిలిచింది. నేను చెప్పదలుచుకున్నది ఇదే. సామెత చెప్పేదొకటి, చెప్పకుండా ఒప్పించేది ఇంకొకటి. చెప్పేదాంతో వాదించవచ్చు. ఒప్పించేదాంతో వాదించడానికి మనకు సందు దొరకదు, ఎందుకంటే అప్పటికి మాట వేరే దాని మీద నడుస్తూ ఉంటుంది.

ఇది పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్ళ కోసం ఒక అంకె చెబుతాను. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్ళకు ఏడు కారణాలు చదివి వినిపించారు. చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోవడం, ఎదురు చెప్పడం, వంట సరిగా చెయ్యకపోవడం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం, ఇలాంటివి. వీటిలో దేనికైనా మొగుడు కొట్టడం సబబేనా అని అడిగారు. కనీసం ఒక్కదానికైనా సబబే అన్నవాళ్ళు తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో కూడా సుమారు 84 శాతం. హిమాచల్ ప్రదేశ్‌లో అదే ప్రశ్నకు 15 శాతం లోపే. సామెత వల్లే 84 వచ్చిందని నేను అనను. అలా అంటే పరిశోధన కాదు, ఉపన్యాసం అవుతుంది. కానీ ఆ సామెత మొదటి సగం ఇంకా ఎందుకు చెల్లుబాటు అవుతోందో ఈ అంకె చెబుతుంది.

ఇక మాట కట్టడం దగ్గరికి వద్దాం. "తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు."

క్రియ చూడండి. చెడింది, చెడ్డాడు. తెలుగులో ఏకవచనంలో వచ్చిందీ పోయిందీ అంటే ఆడమనిషికీ, ఆవుకీ, బండికీ ఒకటే రూపం. మగవాడికి మాత్రం విడిగా వచ్చాడు, పోయాడు. వ్యాకరణంలో దీన్నే మహత్తు, అమహత్తు అంటారు. మగవాళ్ళూ మగదేవుళ్ళూ మహత్తు, మిగతా ప్రపంచం అమహత్తు. తమిళంలో అవన్, అవళ్, అదు అని మూడు ఉన్నాయి, మనకు రెండే. ఆమె, ఆవిడ అని గౌరవంగా అన్నా ఏకవచన క్రియ దగ్గరికి వచ్చేసరికి "ఆమె వచ్చింది" అనాల్సిందే. విచిత్రం ఏమిటంటే బహువచనంలో ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసిపోతారు. వాళ్ళు వచ్చారు అంటాం, అవి వచ్చాయి అనం. వ్యాకరణం కావాలని కుట్ర చేసిందని కాదు. ఏ భాష తీరు దానిది. కానీ సామెత ఎప్పుడూ ఏకవచనాన్నే ఎంచుకుంటుంది. "ఆడది" అంటుంది, "మగవాడు" అంటుంది. "ఆడవాళ్ళు, మగవాళ్ళు" అని బహువచనంలో చెప్పి చూడండి, సామెతలో సగం కారం తగ్గుతుంది.

ఇంకా దగ్గరగా చూస్తే అసలు కిటుకు "చెడు" అన్న ధాతువులో ఉంది. ఆడది చెడడం అంటే శీలం. మగవాడు చెడడం అంటే సంపాదన లేకపోవడం, లోకం తెలియకపోవడం. ఒకే మాటకు రెండు వైపులా రెండు అర్థాలు. తూకం ఎంత సమంగా ఉందంటే చెవికి న్యాయంగా వినిపిస్తుంది. తిరిగి, తిరక్క. చెడింది, చెడ్డాడు. రెండు పళ్ళేలూ సమానంగా ఊగుతున్నాయి గానీ రాళ్ళు వేరు. సామెతల్లో ప్రాసకీ సమతూకానికీ ఉన్న పని ఇదే. గుర్తుండటానికి పనికొస్తాయని మాత్రమే చెబుతుంటాం. న్యాయంలా వినిపించడానికి కూడా పనికొస్తాయి.

"ఏడ్చే మగాణ్ణీ, నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదు" కూడా ఈ బాపతే. దీనికి తారుమారు పరీక్ష పెట్టండి. "నవ్వే మగాణ్ణీ, ఏడ్చే ఆడదాన్నీ నమ్మకూడదు." వింటే నవ్వొస్తుంది. ఎందుకు? మగాడి సహజస్థితి నవ్వు, ఆడదాని సహజస్థితి ఏడుపు అని ముందే ఒప్పేసుకున్నాం కాబట్టి. ఇది మగవాళ్ళకు కూడా మంచి చెయ్యలేదు. కష్టం వచ్చినప్పుడు ఏడ్చిన మగవాడికి ముందు దక్కేది ఓదార్పు కాదు, అనుమానం. "ఉద్యోగం పురుష లక్షణం" సంగతీ అంతే. సంస్కృతంలో ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనిక. మనం దాన్ని నెలజీతం చేశాం. జీతం పోయినవాడికి లక్షణం కూడా పోయినట్టే. "చేతులకు గాజులు తొడుక్కు కూర్చున్నావా" అని రోషం రేపుతాం చూడండి, ఆ గాజుల చేతులే మన ఊళ్ళలో వరినాట్లు వేస్తాయి, కలుపు తీస్తాయి, పత్తి ఏరతాయి. కూర్చున్న గాజుల చేతులు ఎక్కడ చూశారో ఆ జాతీయం పుట్టించినవాళ్ళు!

ఇప్పుడు "ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు." ఇది శ్లేష. ఆడ అంటే అక్కడ, ఈడ అంటే ఇక్కడ. తెలంగాణలో, రాయలసీమలో రోజూ నోట నలిగే మాటలు. స్త్రీ అనే అర్థంలో ఉన్న ఆడ వేరు. పాత నిఘంటువుల్లో అది ఆఁడుది అని అరసున్నతో కనిపిస్తుంది. అరసున్న పలుకుబడిలోంచి పోయాక రెండు మాటలూ ఒకేలా వినిపించసాగాయి. శ్లేష బలం ఏమిటంటే, వాదన అక్కర్లేదు. పేరులోనే ఉంది కదా అనిపిస్తుంది. పుట్టింటి నుంచి పంపెయ్యడం మనుషులు చేసిన ఏర్పాటు కాదనీ, భాషలోనే రాసిపెట్టి ఉందనీ నమ్మిస్తుంది.

ఈ సామెత ఖరీదు ఆస్తి పంపకాల్లో తెలుస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా చేసింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. కానీ మన 1986 సవరణలో ఒక మెలిక ఉంది. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్ళకు అది వర్తించదు. సామెత మాటే చట్టం కూడా అన్నది చూడండి: పెళ్లయితే ఆడ పిల్లే! 2005 కేంద్ర సవరణలో ఆ మెలిక లేదు. అది అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న తగువును సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది, అక్కర్లేదని. చట్టం అక్కడిదాకా వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో ఆడపడుచుల చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించేటప్పుడు ఇంట్లో వినిపించే మాట మాత్రం పాతదే: "నీకు ఇవ్వాల్సింది పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదమ్మా."

ఆడపిల్లను పెంచడం పొరుగింటి పెరట్లో మొక్కకు నీళ్ళు పోసినట్టు అని ఇంకొకటి తెలుగు సామెతగా బాగా చలామణిలో ఉంది. వాడండి గానీ జాగ్రత్త. దాన్ని ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. ప్రాస లేదు, తూకం లేదు. తెలుగు సామెతకు ఉండాల్సిన గట్టి కట్టు నాకైతే దాంట్లో కనబడదు. భావం మనదే, సందేహం లేదు. మాట కట్టు లేనప్పుడు మాత్రం "తెలుగువారి సామెత" అని రాసే ముందు ఎవరి నోట, ఏ మాటల్లో విన్నారో చెప్పాలి.

ఇక అసలు కష్టమైనది. "ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, చిరిగేది ఆకే." కొందరు అరిటాకు అంటారు. ఇందులో ఆడది అన్న మాటే లేదు. తారుమారు పరీక్ష దీని మీద పనిచెయ్యదు, మార్చడానికి ఏమీ లేదు. పుస్తకంలో స్త్రీల సామెతలు ఏరేవాడి వలలో ఇది పడదు. కానీ తెలుగు ఇంట్లో పెరిగిన ఆడపిల్లల్లో దీన్ని విననివాళ్ళు అరుదు. దీనికి పెట్టాల్సిన పరీక్ష వేరు: ఎవరికి చెబుతారు? ముల్లుకు చెబుతారా, ఆకుకు చెబుతారా? ఎప్పుడూ ఆకుకే. "ఒరే, నువ్వు ముల్లువి, జాగ్రత్తగా మసులుకో" అని కొడుకుకు ఈ సామెత చెప్పిన ఇల్లు చూపించండి.

రెండు రకాలుగా వాడతారు దీన్ని. ముందు హెచ్చరికగా, తరవాత తీర్పుగా. బయటికి వెళ్ళబోయే పిల్లకు చెప్పినప్పుడు అందులో భయమూ ప్రేమా ఉన్నాయి, కాదనను. జరగరానిది జరిగాక అదే సామెత మళ్ళీ వస్తుంది, "ముందే చెప్పాం కదా" అంటూ. ముల్లు ఎలా వచ్చిందన్నది అప్పుడు ఎవరికీ పట్టదు, ఎందుకంటే రెండు వైపుల నుంచీ పడ్డా ఫలితం ఒకటే అని సామెత మొదట్లోనే తేల్చేసింది. ఆకు తనంతట పడిందా, ముల్లు వచ్చి గుచ్చుకుందా అన్న తేడాని, అంటే నేరం ఎవరిదన్న ప్రశ్ననే, ఒక్క "పడ్డా"తో తుడిచేసింది. అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడి మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని తేలిక చెయ్యడానికి మన సాక్ష్య చట్టంలో 155వ సెక్షన్‌లోని నాలుగో క్లాజు వీలిచ్చేది. 2002 సవరణతో గానీ దాన్ని తీసెయ్యలేదు. ఆకు మంచిదేనా అని అడగడం అంతదాకా కోర్టులో కూడా చెల్లింది.

పొగిడే సామెతల దగ్గర ఎక్కువసేపు ఆగను. "ఇంటికి దీపం ఇల్లాలు", "ఇల్లు చూసి ఇల్లాలిని చూడు". ఇల్లు మురికిగా ఉంటే చూడాల్సింది ఎవరిని అన్నది రెండోదాంట్లో తేలిపోయింది, అదే ఇంట్లో నలుగురు మగవాళ్ళున్నా సరే. "పుణ్యం కొద్దీ పురుషుడు" మాత్రం కాస్త చూడాల్సిందే. మంచి మొగుడు దొరికినప్పుడు పొగడ్త. తాగి కొట్టేవాడు దొరికినప్పుడు అదే సామెత తిరగబడి, తప్పు ఆమె ఖాతాలోనే పడుతుంది. నీ పుణ్యం అంతే, ఏం చేస్తాం!

సుమతీ శతకంలో "కలకంఠి కంట కన్నీరొలికిన సిరి యింట నుండనొల్లదు" అని ఉంది. సగం పద్యం సామెత అయిపోయింది. భార్యతో పోట్లాడకు, లేని తప్పు మోపకు అని చెప్పే పద్యం, మంచి మాటే. కానీ ఏడిపించకూడదనడానికి కారణం ఏమిటి? ఆమెకు నొప్పి కలుగుతుందని కాదు, ఇంట్లో సిరి నిలవదని. అదే శతకంలో నమ్మరానివాటి వరసలో "కోమలి విశ్వాసంబును" పాములతో స్నేహం పక్కనే కూర్చుని ఉంది. ఒకే పుస్తకంలోంచి తరగతి గదికి ఏ పద్యం వెళ్ళాలన్నది ఎవరో ఒకరు ఎంచుతారు. ఆ ఎంచేవాళ్ళలో మీరూ ఉన్నారు కాబట్టి గుర్తుచేస్తున్నాను.

ఇప్పుడు సేకరణ గురించి. సామెతల మీద ప్రాజెక్టు చేస్తున్నవాళ్ళు ఎక్కువగా ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

1868లో కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మద్రాసులో అచ్చువేసిన సంకలనం నుంచి ఇప్పటిదాకా మన సామెతల పుస్తకాలు చాలావరకు అకారాది క్రమంలోనే ఉన్నాయి. వెతుక్కోవడానికి బాగుంటుంది. అయితే "అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు" అన్నదీ "అత్తా ఒకింటి కోడలే" అన్నదీ పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. మొదటిది ఒకరి మీది కోపం ఇంకొకరి మీద తీర్చుకోవడం గురించి, అత్త అక్కడ నిమిత్తమాత్రం. రెండోది నిజంగా అత్తాకోడళ్ళ గురించే. ఎవరు ఎవరితో ఎప్పుడన్నారో పుస్తకంలో లేదు. అందుకని సేకరించేటప్పుడు ఒక సామెతకు ఒక కార్డు పెట్టుకోండి. కార్డు మీద సామెతను చెప్పినవాళ్ళ మాటల్లోనే, ఉచ్చారణ కూడా దిద్దకుండా రాయండి. "తిరక్క" అంటే తిరక్కే, "తిరగక" అని సాపు చెయ్యకండి. చెప్పినవాళ్ళ వయసు, ఆడా మగా, విన్నవాళ్ళు ఎవరు, దానికి ముందు ఏ మాట నడుస్తోంది, ఆ తరవాత వినేవాళ్ళు ఏం చేశారు, ఇవన్నీ రాయండి. నవ్వారా, తల దించుకున్నారా, ఇంకో సామెతతో తిప్పికొట్టారా? కనీసం మూడు వేర్వేరు సందర్భాలు దొరికేదాకా అర్థం గడి ఖాళీగానే ఉంచండి. మొదటి రోజే అర్థం రాసినవాళ్ళు తరవాత విన్నవన్నీ ఆ అర్థంలోకే కుక్కేస్తారు.

"అమ్మా, ఆడవాళ్ళ మీద సామెతలు చెప్పండి" అని మాత్రం అడగకండి. అలా అడిగితే వచ్చేవి ఎలాగూ పుస్తకంలో ఉన్నవే, కొంచెం మర్యాదగా వడకట్టినవి. మైకు చూసి నాటు సామెతలన్నీ నీటు సామెతలైపోతాయి. పెళ్లిచూపుల మాటలు, పంపకాల మాటలు, పెద్దమనుషుల పంచాయతీ మాటలు కదిలించండి. సామెతలు వాటంతట అవే వస్తాయి. కులం పేరుతో ఆడవాళ్ళను తిట్టే సామెతలు కూడా వస్తాయి. కార్డు మీద రాయండి. వ్యాసంలో ఎంతవరకు ఎత్తిరాయాలన్నది వేరే విచక్షణ.

చివరికి "అట" అన్న ముక్కను గమనించండి. ఏడ్చిందట, ఎగిరిందట, అన్నదట. ఆ "ట"తో చెప్పేవాడు తప్పుకుంటాడు. నేను అనలేదు, లోకం అంది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట", "ఆడలేనమ్మ మద్దెల ఓడందట". ఇక్కడ చేతకానిది అమ్మ, నవ్వేది లోకం. మగవాణ్ణి వెక్కిరించే సామెతలూ బోలెడున్నాయి, ఎవరి వాటా ఎంతో నేను లెక్కపెట్టలేదు, అది చెప్పుకోవాల్సిన విషయమూ కాదు. ఆ "అట"ను పట్టుకుని "ఎవరన్నారు?" అని అడిగి చూడండి. సామెత చెప్పినవాళ్ళు ఒక్క క్షణం తడబడతారు. ఆ తడబాటు కూడా కార్డు మీదకి ఎక్కాలి.

ఎవరో ఒక ప్రశ్న పంపారు. "ఈ సామెతలు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువ వాడతారు కదా, మరి మగవాళ్ళ పెత్తనం ఎక్కడుంది?"

మంచి ప్రశ్న. వాడతారు, నిజమే. కోడలిని కనిపెట్టి ఉండే పని ఇంట్లో అత్తకు అప్పజెప్పారు. పని ఎవరిదో పనిముట్టు వాళ్ళ చేతిలోనే ఉంటుంది. "కొడుకు బాగుండాలి, కోడలు ముండమొయ్యాలి" అన్నది పొసగని కోరికలు కోరేవాళ్ళను ఎగతాళి చెయ్యడానికి వాడతాం గానీ, ఎగతాళి కోసం ఎంచుకున్న మనిషి అత్త. అదే సమయంలో కోడళ్ళు తమకోసం కట్టుకున్న సామెతలూ ఉన్నాయి. "అత్తవారింటి ఐశ్వర్యం కన్నా పుట్టింటి గంజి మేలు." "అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీరొచ్చిందట." వీటన్నిటిలోకీ పదునైనది కుండ సామెత: "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ." అడుగోటి అంటే అడుగు చిల్లిపడింది, ఎలాగూ పారెయ్యాల్సిందే. రెండు కుండలూ ఒకే వంటింట్లో పగిలాయి. ఒకటి పాతదని అత్త తేల్చింది, ఒకటి కొత్తదని కూడా అత్తే తేల్చింది. తీర్పు చెప్పే హక్కు ఎవరిదన్నదే ఆ సామెతలో విషయం. ఇందాక అన్న చెప్పకుండా ఒప్పించే పని ఇందులో లేదు. ఇది ఒప్పుకున్నదాన్ని బయటికి లాగి చూపిస్తోంది. సామెతలన్నీ ఒకే పక్కన నిలబడవు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే కోడలుగా ఉన్నప్పుడు ఈ సామెత చెప్పిన ఆవిడే, తనకు కోడలు వచ్చాక చెబుతుందా, మానేస్తుందా అన్నది పుస్తకాల్లో దొరకదు. కాబట్టి ఈ కుండ సామెత మీకు ఎవరైనా చెప్పినప్పుడు వయసుతో సరిపెట్టుకోకండి. అప్పటికి ఆవిడకు కోడలు వచ్చిందో లేదో అది కూడా అడిగి కార్డు మీద రాసుకోండి.